ముస్లింల అర్థశాస్త్ర గ్రంథాలు: గ్రంథాలయంలో ఏ బీరువాలో వెదకాలి?

కొన్నేళ్ళ క్రితం ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఎం.కాం. చదువుతున్న యువకుడొకడు నన్ను పలకరించాడు. బందరు వాడు. మధ్యయుగాలలో ముస్లింల వర్తక విధానాలను గూర్చి అతను ఒక వ్యాసం సమర్పించవలసి ఉన్నది. ఉదయం నుండి అర్థశాస్త్రం, వాణిజ్యం బీరువాల మధ్యనే తిరిగి అలసిపోయాడు. ఆడం స్మిత్ దొరికాడు, రికార్డో దొరికాడు, బ్యాంకింగు మీద, అకౌంటెన్సీ మీద వరుసలకొద్దీ పుస్తకాలు దొరికాయి. తనకు కావలసింది మాత్రం ఒక్కటీ కానరాలేదు. "మనవాళ్ళు వ్యాపారం చేశారే గాని దాన్ని గూర్చి ఏమీ రాయలేదా సర్?" అని అడిగాడు.

ఈ ప్రశ్న ఆ యువకుడికి మాత్రమే కలిగింది కాదు. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప అర్థశాస్త్రవేత్తలలో ఒకడైన జోసెఫ్ షుంపీటర్ రచించిన అర్థశాస్త్ర చరిత్ర ఆయన మరణానంతరం 1954లో వెలువడింది. దానిలో ఆయన గ్రీకు, రోమన్ల కాలం నుండి పదమూడవ శతాబ్దపు క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ దాకా ఒక్క గంతు వేశాడు. నడుమనున్న అయిదువందల ఏళ్ళకు పైబడిన కాలాన్ని "మహా అంతరం" అన్నాడు. ఆర్థిక విషయాల విశ్లేషణకు సంబంధించినంత వరకు ఆ కాలం ఖాళీయేనని దాని భావం. బాగ్దాదు, బస్రా, ఫుస్తాత్, కైరవాన్ నగరాల వర్తకులు చైనా నుండి అండలూసియా దాకా సరకులు నడిపిన కాలం అది. అంత వ్యాపారం చేసిన సమాజం వ్యాపారాన్ని గూర్చి ఆలోచించలేదనడం వింతగా తోస్తుంది. అయినా అర్థశాస్త్రం బీరువా ముందు నిలబడి చూస్తే షుంపీటర్ మాటే నిజమనిపిస్తుంది. ఆ బీరువాలో కూడా అదే ఖాళీ ఉన్నది.

అసలు ఆ బీరువా అలా ఎందుకున్నదో తెలుసుకోవాలి.

మన దేశంలో అనేక గ్రంథాలయాలు అనుసరించే దశాంశ వర్గీకరణను అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించాడు. సమస్త విజ్ఞానాన్ని ఆయన పది భాగాలు చేశాడు. మతానికి 200, సాంఘిక శాస్త్రాలకు 300, చరిత్రకు, భూగోళానికి 900 కేటాయించాడు. 300లో 330 అర్థశాస్త్రం, 332 ద్రవ్యం, బ్యాంకింగు, 336 ప్రభుత్వ ఆదాయవ్యయాలు, 380 వాణిజ్యం. లెక్కల నిర్వహణకు 657, వ్యాపార నిర్వహణకు 658. ఇక మతం సంగతి చూడండి. 220 నుండి 280ల దాకా బైబిలుకు, క్రైస్తవానికి పోగా, లోకంలోని తక్కిన మతాలన్నిటికీ కలిపి 290లు మిగిలాయి. అందులో ఇస్లాంకు దక్కినది 297 అనే ఒక్క సంఖ్య. ఖుర్ఆన్, హదీసు, తసవ్వుఫ్, ప్రవక్త జీవిత చరిత్ర, జకాత్ ధర్మాలు, అన్నీ ఆ ఒక్క గదిలోనే సర్దుకోవాలి.

దీన్ని కేవలం పక్షపాతమని కొట్టిపారేసేవారు కలరు. పక్షపాతం లేదని నేననను. ఏడు గదులు ఒకరికి, ఒక మూల మిగతా అందరికీ అంటే న్యాయం ఎలాగవుతుంది? కాని మన యువకుడి ఇబ్బందికి అదొక్కటే కారణం కాదు. పుస్తకం బీరువాలో ఒక్క చోటే నిలబడగలదు. పన్నులను గూర్చి ఒక ధర్మశాస్త్రవేత్త రాసిన గ్రంథం చేతికి వచ్చినప్పుడు, రాసినవాణ్ణి చూసి 297లో పెట్టాలా, రాసిన విషయాన్ని చూసి 336లో పెట్టాలా అన్నది గ్రంథాలయాధికారి తేల్చుకోవలసిన చిక్కు. సాధారణంగా ఆయన మొదటి దారినే పోతాడు. శీర్షికలో అరబీ పదం కనిపించిందా, ఇక ఆలోచన కూడా ఉండదు.

మరొక మాట కూడా ఒప్పుకోవాలి. ఈ చెదురుబాటు డ్యూయీతో మొదలు కాలేదు. హిజ్రీ 377లో, అంటే క్రీ.శ. 987-88లో, బాగ్దాదుకు చెందిన పుస్తక వర్తకుడు ఇబ్న్ నదీమ్ తన కాలం వరకు అరబీలో వెలువడిన గ్రంథాలన్నిటికీ "ఫిహ్రిస్త్" అనే పట్టిక కూర్చాడు. అందులో పది ప్రకరణాలున్నాయి. భాషా వ్యాకరణాలకు ఒకటి, చరిత్రకారులకు, ప్రభుత్వ లేఖకులకు ఒకటి, కవిత్వానికి ఒకటి, కలామ్ శాస్త్రానికి ఒకటి, ఫిఖ్‌హ్, హదీసులకు ఒకటి, తత్త్వశాస్త్రానికి, ప్రాచీన శాస్త్రాలకు ఒకటి, ఇలా సాగుతుంది. అర్థశాస్త్రమనే ప్రకరణం అందులో లేదు. ప్రభుత్వ ధనాన్ని గూర్చి "కితాబుల్ అమ్వాల్" రచించిన అబూ ఉబైద్ అల్ ఖాసిమ్ బిన్ సల్లామ్ (మరణం హిజ్రీ 224, క్రీ.శ. 838) అందులో ఎక్కడ కనిపిస్తాడు? భాషావేత్తల నడుమ! భూమి శిస్తును గూర్చి రాసిన ఖుదామా బిన్ జాఫర్ ప్రభుత్వ లేఖకుల నడుమ ఉంటాడు. ఇమామ్ అబూ యూసుఫ్ ఫుఖహాల నడుమ ఉంటాడు. మన పూర్వులు సంపదను గూర్చి పుష్కలంగా రాశారు గాని, దాన్ని విడదీసి ఒక ప్రత్యేక శాస్త్రంగా నామకరణం చేయలేదు. ఆ పేరు కోసం వెదికేవాడికి అది దొరకదు. ఎవరు, ఏ అవసరం కొద్దీ రాశారో తెలిసినవాడికి దొరుకుతుంది.

ముందుగా పన్నులు తీసుకుందాం. అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై ఆనాటి ప్రధాన న్యాయమూర్తి ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం హిజ్రీ 182, క్రీ.శ. 798) "కితాబుల్ ఖరాజ్" రచించారు. హజ్రత్ ఉమర్ కాలంలో ఇరాక్‌లోని సవాద్ భూములకు విస్తీర్ణాన్ని బట్టి ఇంత అని శిస్తు నిర్ణయమైంది. పంట పండినా పండకపోయినా చెల్లించవలసిన శిస్తు అది. అబూ యూసుఫ్ నాటికి ఆ భూములలో చాలా భాగం బీడు పడి ఉన్నది, రైతుకు శిస్తు మోయలేని భారమైనది. అందుచేత విస్తీర్ణాన్ని బట్టి కాక, పండినదానిలో వాటాగా శిస్తు తీసుకోవాలని ఆయన సలహా ఇచ్చారు. కాలువల నీరు దానంతట పారే భూములలో గోధుమ, యవల పంటకు అయిదింట రెండు వంతులు, నీరు తోడిపోసే భూములలో పదింట మూడు వంతులు. ఏతం తొక్కేవాడి శ్రమకు లెక్కలో చోటిచ్చారన్నమాట. శిస్తు వసూలును గుత్తకు ఇవ్వడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. గుత్తదారు తన లాభం కోసం రైతును పిండుతాడని, చివరకు భూమే పాడవుతుందని హెచ్చరించారు. ధరలను గూర్చి ఒక సూక్ష్మమైన పరిశీలన కూడా చేశారు. ధాన్యం సమృద్ధిగా ఉన్నా ఒక్కొక్కప్పుడు ధర ఎక్కువగా ఉంటుందని, కొరతగా ఉన్నా ఒక్కొక్కప్పుడు చౌకగా ఉంటుందని రాశారు. ఇది అర్థశాస్త్రం కాకపోతే మరేమిటి?

ఈ గ్రంథాన్ని ఫాన్యాఁ 1921లో ఫ్రెంచిలోకి అనువదించాడు. ఉర్దూలోకి డాక్టర్ నజాతుల్లా సిద్దీఖీ గారు "ఇస్లామ్ కా నిజామె మహాసిల్" పేరుతో తెచ్చారు. ఉర్దూ పేరులో మహాసిల్, అంటే పన్నులు అనే మాట ఉన్నది. ఉర్దూ తెలిసిన అధికారి చేతిలో పడితే అది 336కు చేరే అవకాశం కలదు. అరబీ మూలం 297లోనో, న్యాయశాస్త్రం 340లలోనో ఉండిపోతుంది. ఒకే పుస్తకం, రెండు బీరువాలు.

వర్తకం సంగతి మరీ చిత్రమైనది. ఫిఖ్‌హ్ గ్రంథాలలో క్రయవిక్రయాల ప్రకరణం, భాగస్వామ్య ప్రకరణం, ముదారబా ప్రకరణం తప్పక ఉంటాయి. ముదారబా అంటే ఒకడి పెట్టుబడి, మరొకడి శ్రమ, లాభంలో ఇద్దరికీ వాటా. మన దేశపు న్యాయ గ్రంథాలయాలలో "హిదాయా" ఆంగ్లానువాదం ఉంటుంది. చార్లెస్ హామిల్టన్ వారెన్ హేస్టింగ్స్ ప్రోత్సాహంతో పారసీ పాఠం నుండి చేసిన ఈ అనువాదం 1791లో అచ్చయింది. కంపెనీ న్యాయస్థానాలలో వారసత్వ, వివాహ వివాదాలు తీర్చేవారు వాడుకున్న గ్రంథాలలో ఇదొకటి గనుక ఇది నేటికీ "మహమ్మదీయ న్యాయం" కిందనే ఉన్నది. వాణిజ్య విద్యార్థి ఎవడు ఆ బీరువా దగ్గరకు పోతాడు? పోయినవాడు అబ్రహం యుడోవిచ్ చేసిన పని చేస్తాడు. ఈ ఫిఖ్‌హ్ ప్రకరణాలనే ఆధారం చేసుకొని మధ్యయుగ ముస్లిం ప్రపంచంలోని భాగస్వామ్యం, లాభాలను గూర్చి ఆయన రచించిన గ్రంథం 1970లో ప్రిన్స్‌టన్ నుండి వెలువడింది.

న్యాయవేత్త రాసినది న్యాయశాస్త్రంలో పడిందంటే అర్థం చేసుకోవచ్చు. ఒక వర్తకుడి దృష్టితో రాసినది కూడా తప్పిపోయింది. అబుల్ ఫజల్ జాఫర్ బిన్ అలీ అద్దిమష్ఖీ రచించిన "అల్ ఇషారా ఇలా మహాసినిత్ తిజారా" వర్తకపు మంచిచెడ్డలను వివరించే అరబీ గ్రంథం. హిజ్రీ 1318లో కైరోలో అచ్చయింది. హెల్ముట్ రిట్టర్ జర్మను అనువాదం 1917లో "డెర్ ఇస్లాం" అనే పత్రికలో వచ్చింది. దిమష్ఖీ వర్తకులను మూడు తరగతులుగా చూపిస్తాడు. సరకు విరివిగా ఉండి ధర పడినప్పుడు కొని దాచి, కొరత వచ్చినప్పుడు అమ్మేవాడు ఖజ్జాన్. సరకు వెంట ఊరూరా తిరిగేవాడు రక్కాద్. ఇతను తాను పోయే ఊళ్ళ ధరలు, సుంకాలు ముందుగానే తెలుసుకొని ఉండాలి. లేకపోతే లాభమనుకున్నది దారిలోనే కరిగిపోతుంది. మూడవవాడు ముజహ్హిజ్. ఇతను ఇల్లు కదలడు. నమ్మకమైన ప్రతినిధులకు సరకు పంపి, వారికి లాభంలో వాటా ఇచ్చి, వ్యాపారాన్ని దూరం నుండే నడుపుతాడు. మన బందరు కుర్రవాడు వెదుకుతున్నది సరిగ్గా ఇదే. దీని వర్గ సంఖ్య 380లలో ఉండవలసింది. తీరా చూస్తే జర్మను పత్రిక సంపుటాలలో ఒక వ్యాసంగా ఉన్నది. పైగా దిమష్ఖీ అంటే డమాస్కస్‌వాడు. ఆ పేరుతో ఒక భూగోళవేత్త కూడా ఉన్నాడు. కేటలాగులో దిమష్ఖీ అని వెదికినవాడికి అతనే ముందుగా ఎదురయితే ఆశ్చర్యం లేదు.

పేర్ల బాధ ఇంకా ఉన్నది. అబూ యూసుఫ్ అసలు పేరు యాఖూబ్ బిన్ ఇబ్రాహీమ్. ఒక గ్రంథాలయంలో అబూ అనే మాట కింద, మరొకచోట యాఖూబ్ కింద కార్డు ఉంటుంది. ఆంగ్ల లిపిలో ఖరాజ్ అనే మాటను పండితులు రెండు మూడు రకాలుగా రాస్తారు. ఇస్లాం విజ్ఞాన సర్వస్వంవారు జకారానికి ముందు డకారం చేర్చేవారు. కార్డులు పోయి కంప్యూటర్లు వచ్చాక వెదకడం సులభమైనదంటారు. నిజమే, కాని యంత్రానికి వర్ణక్రమం మీద జాలి లేదు. కార్డుల సొరుగులో ఒక పేరు కోసం వేళ్ళు కదుపుతుంటే పక్కనున్న మరో పేరు కంటబడేది. ఇప్పుడు అక్షరం తప్పితే ఏమీ దొరకలేదని వస్తుంది, విద్యార్థి అసలు లేదనుకొని వెళ్ళిపోతాడు.

ఇమామ్ గజాలీ (మరణం హిజ్రీ 505, క్రీ.శ. 1111) "ఇహ్యా" తసవ్వుఫ్, నైతిక గ్రంథాల వరుసలో ఉంటుందని అందరికీ తెలుసు. దాని రెండవ భాగంలో సంపాదన మర్యాదలను గూర్చి ఒక పూర్తి ప్రకరణం కలదు. కాని ద్రవ్యాన్ని గూర్చి ఆయన చెప్పిన లోతైన మాటలు ఆ ప్రకరణంలో లేవు, నాలుగవ భాగంలో కృతజ్ఞతను గూర్చి చెప్పేచోట ఉన్నాయి! బంగారం, వెండి నాణేలు అద్దం వంటివని, అద్దానికి తన రంగంటూ లేకపోయినా అన్ని రంగులనూ చూపగలదని, అలాగే డబ్బు స్వయంగా కోరదగినది కాకపోయినా అన్ని వస్తువుల విలువనూ కొలవగలదని ఆయన వివరించారు. డబ్బును దాచిపెట్టడం న్యాయాధికారిని చెరసాలలో పెట్టడం వంటిదన్నారు. గ్రంథాలయపు వర్గీకరణ ఎంత మారినా ఈ పుటలు 332కు రావు. చదివి తెలుసుకోవలసిందే.

ఇక్కడ మనవాళ్ళు చేసే ఒక పొరపాటును ప్రస్తావించాలి. షుంపీటర్‌కు జవాబుగా ఉపన్యాసాలలో అందరూ ఇబ్న్ ఖల్దూన్ పేరే చెబుతారు. శ్రమ విభజనను గూర్చి, రాజ్యం ఆరంభంలో తక్కువ పన్నుతోనే ఎక్కువ ఆదాయం రావడం, చివరి దశలో ఎక్కువ పన్ను వేసినా తక్కువ రావడం గూర్చి ఆయన "ముఖద్దిమా"లో రాసినది అద్భుతమే. కాని ఆయన పుట్టినది 1332లో, "ముఖద్దిమా" రచించినది 1377లో. అక్వినాస్ 1274లోనే మరణించాడు. అంటే ఇబ్న్ ఖల్దూన్ ఆ "మహా అంతరం" ముగిసిన తరువాతి వాడు. ఆయనతో ఆ ఖాళీ పూడదు. పూడ్చేవారు అబూ యూసుఫ్, ఆయన సహచరుడు ఇమామ్ ముహమ్మద్ అష్షైబానీ, అబూ ఉబైద్, గజాలీ. వీరిని చూపించకుండా ఎంత గట్టిగా వాదించినా ప్రయోజనం లేదు. అమెరికాలో అధ్యాపకుడైన గజన్‌ఫర్ గారు ఈ పని చేశారు. ఆయన సంపాదకత్వంలో మధ్యయుగ ఇస్లామీయ ఆర్థిక భావాలను గూర్చిన వ్యాస సంపుటి 2003లో వెలువడింది. "మహా అంతరాన్ని పూడ్చడం" అని దాని ఉపశీర్షిక.

మన ప్రాంతానికి వద్దాం. హైదరాబాదు ఈ విషయంలో వెనుకబడినది కాదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర శాఖకు అధిపతిగా ఉండిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ గారు వడ్డీ సిద్ధాంతాన్ని ఇస్లాం దృష్టితో పరిశీలించిన ఆంగ్ల గ్రంథం 1946లో లాహోరులో అచ్చయింది. కీన్స్ వంటివారి వాదాలను ఎదురుగా పెట్టుకొని వృత్తి అర్థశాస్త్రవేత్త రాసిన పుస్తకం గనుక ఇది 332లో ఉండటం న్యాయం. శీర్షికలోని మొదటి మాట ఇస్లాం కావడం వలన 297లో కూడా వెదకాలి. ఉస్మానియాలోనే చదివి, అక్కడే బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు 1936లోనే హైదరాబాదు త్రైమాసిక పత్రిక "ఇస్లామిక్ కల్చర్"లో ఆర్థిక సమస్యలకు ఇస్లాం చూపే పరిష్కారాన్ని గూర్చి రాశారు. ఇస్లామీయ ఆర్థిక చింతనకు, ఆచరణకు హైదరాబాదు చేసిన సేవను గూర్చి ఆయన రాసిన వ్యాసం 1955లో "డీ వెల్ట్ డెస్ ఇస్లామ్స్" పత్రికలో వచ్చింది. మన ఊరి సంగతి జర్మను పేరుగల పత్రికలో! పత్రికా వ్యాసాలకు కేటలాగులో కార్డు ఉండదు. వాటి కోసం పియర్సన్ లండనులో తయారుచేసిన "ఇండెక్స్ ఇస్లామికస్" చూడాలి. దాని మొదటి సంపుటి 1958లో వచ్చింది, 1906 నుండి 1955 దాకా వచ్చిన వ్యాసాలను విషయాల వారీగా చూపిస్తుంది. పెద్ద గ్రంథాలయాలలో సంప్రదింపు గ్రంథాల విభాగంలో ఉండవలసిన పుస్తకమిది.

1976లో మక్కాలో జరిగిన తొలి అంతర్జాతీయ సమావేశం తరువాత ఇస్లామీయ అర్థశాస్త్రం అనే పేరు స్థిరపడింది. పుస్తకాలు వందలుగా వచ్చాయి. డ్యూయీ పద్ధతిలో నేడు ఇస్లాం, అర్థశాస్త్రాలకు 297.273 అనే సంఖ్య ఉన్నది. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం పద్ధతి పాటించే చోట బీపీ 173.75 చూడాలి. అయితే ఇస్లామీయ బ్యాంకింగు పుస్తకాలు అదే పద్ధతిలో హెచ్‌జీ వరుసలో, బ్యాంకుల మధ్య కూర్చున్నాయి. సిద్ధాంతం మతం గదిలో, బ్యాంకు డబ్బు గదిలో! మన దక్షిణాదివాడైన రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణలో కూడా ఇస్లాంకు ఒక అక్షరం, అర్థశాస్త్రానికి మరొక అక్షరం ఉన్నాయి. కాని వర్గ సంఖ్యలోని ప్రతి అంశానికీ సూచికలో ఒక పద్దు పడేటట్లు ఆయన ఏర్పాటు చేశాడు. పుస్తకం ఒకచోటే ఉన్నా దారులు మాత్రం చాలా ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆ సూచికను శ్రద్ధగా తయారుచేసిన గ్రంథాలయంలో విద్యార్థికి ఇంత తిరుగుడు ఉండదు.

ఆనాడు ఆ యువకుణ్ణి వెంటబెట్టుకొని మూడు అంతస్తులూ తిరిగాను. న్యాయశాస్త్రంలో "హిదాయా" రెండవ సంపుటం, 297లో "ఇహ్యా" ఉర్దూ అనువాదం దొరికాయి. మక్రీజీ (మరణం క్రీ.శ. 1442) ఈజిప్టు కరువును గూర్చి, రాగి నాణేలు విపరీతంగా పెరగడం వలన ధరలు మండిపోవడం గూర్చి రాసిన చిన్న పుస్తకం రెండుచోట్ల దొరికింది. అరబీ ప్రతి ఈజిప్టు చరిత్రలో ఉన్నది. 1994లో వచ్చిన ఆంగ్లానువాదానికి అనువాదకుడు "మమ్లూకుల అర్థశాస్త్రం" అని పేరు పెట్టినందువల్ల అది 330 బీరువాలోనే ఉన్నది. ఉదయం నుండి అతను దాని ముందే నిలబడి ఉన్నాడు. మమ్లూకులంటే ఎవరో తెలియక చేయి వేయలేదు.

చివరకు 915.4లో, భారతదేశ యాత్రల వరుసలో ఆగాము. గోల్కొండను గూర్చి పదిహేడవ శతాబ్దపు తొలి భాగంలో ఐరోపా వర్తకులు రాసిన కథనాలను మోర్లాండ్ సంపాదకత్వంలో హక్లూట్ సొసైటీవారు 1931లో ప్రచురించారు. అందులో మెథ్వోల్డ్ అనే ఆంగ్ల వర్తకుడు 1618 నుండి 1622 దాకా తానున్న మచిలీపట్నాన్ని వర్ణిస్తాడు. ఓడరేవు, అద్దకం బట్టలు, పారసీక వర్తకులు, గోల్కొండ రాజ్యంలో పదవులను, శిస్తు వసూలును గుత్తకు పాడుకునే పద్ధతి, గుత్త సొమ్ము కట్టలేని అధికారి పడే పాట్లు, అన్నీ ఉన్నాయి. బాగ్దాదులో అబూ యూసుఫ్ వద్దన్న గుత్త పద్ధతి ఎనిమిది వందల ఏళ్ళ తరువాత బందరులో ఎలా నడిచిందో అందులో చదవవచ్చు. యువకుడు ఆ పుస్తకం తెరిచి తన ఊరి పేరున్న పుటలు వెదుక్కున్నాడు. నిలబడే చదవడం మొదలుపెట్టాడు. గ్రంథాలయం మూసే గంట కొట్టాక పుస్తకం యథాస్థానంలో పెట్టి, దాని సంఖ్యను తన నోటు పుస్తకంలో వాణిజ్యం అనే శీర్షిక కింద రాసుకున్నాడు.